ఎర్ర సున్న

షామ్‌బర్గ్,
ఫిబ్రవరి 22, 1987.

అమ్మడూ నళినీ,

మీ తాత గంగయ్య రాస్తున్నాడు. ఇక్కడ అమెరికాలో మంచు తప్ప వేరే కష్టం లేదు. అక్కడ ఎండలు మండిపోతున్నాయని మీ అమ్మ అంది. ఫిబ్రవరిలో ఎండలేంటి? ఆ దేశం తలకిందులుగా ఉన్నట్టుంది.

సిడ్నీ నుంచి పంపిన బండి ఫోటో అందింది. భూతద్దం పెట్టి చూశాను. నేను బెజవాడలో తోలిన లారీ, ఇదీ ఒకే కంపెనీ వాళ్ళవి. ముక్కు అదే. ఇంగ్లీషు వాళ్ళ ముక్కు. నీకంటే రెండేళ్ళు పెద్దది అన్నావు, అంటే ఇరవై అయిదేళ్ళది. లోపల పరుపూ పొయ్యీ పెట్టి, టాపు గొడుగులా పైకి లేచేట్టు చేశారని రాశావు. బండిలో వంటేంటే! మేం రోడ్డు పక్కన మూడు రాళ్ళు పెట్టి వండుకునేవాళ్ళం. సరే, మీ తరం.

ఒక సంగతి రాతలో ఉంటే మంచిదని రాస్తున్నా. నువ్వూ నీ స్నేహితురాలు ఆ రేణూ ఆరు నెలలు ఆస్ట్రేలియా చుట్టి రావడానికి మీ అమ్మని ఒప్పించింది నేను. "అది తిరిగి రాదు నాన్నా, వచ్చినా చదవదు" అంది మీనాక్షి. "ఆగస్టు పదిహేడుకి నా మనవరాలు ఆ డాక్టర్ల బడి గుమ్మంలో నిలబడుతుంది. లేకపోతే నన్ను నాన్నా అని పిలవకు" అన్నాను. నలభై ఏళ్ళు లారీ తోలాను. ఫలానా రోజుకి సరుకు దింపుతానంటే దింపాను. ఇదీ అంతే.

ఇక జాగ్రత్తలు. రేడియేటర్ మూత వేడి మీద తీయకు. ముందు కమ్మీకి కాన్వాసు నీళ్ళసంచి కట్టు, గాలికి నీళ్ళు చల్లగా ఉంటాయి. ఇంజను చప్పుడు రోజూ విను. మనిషి అబద్ధమాడతాడు గానీ ఇంజను ఆడదు. బండి దారిలో ఆగిపోతే వెనకా ముందూ రాళ్ళు పెట్టు, కొమ్మలు పెట్టు. రాళ్ళు పెట్టకుండా బండి వదిలేసి పోయేవాణ్ణి డ్రైవరనరు, హంతకుడంటారు.

నా రాత చదవగలుగుతున్నావా? నీకు తొమ్మిదేళ్ళప్పుడు బేస్‌మెంట్‌లో మీ అమ్మ నీకు అక్షరాలు దిద్దబెడుతుంటే పక్కన కూచుని నేర్చుకున్న రాత ఇది. అప్పుడు నాకు యాభై ఏడు. బడి మాని బండెక్కినవాడికి ఇంతకంటే రాదు.

కవరు మీద ఇంగ్లీషు మీ నాన్న చీటీ మీద రాసిస్తే చూసి దింపాను. అక్షరాలు కావవి, బొమ్మలు.

మీ తాత

*

అడిలైడ్,
మార్చి 14.

తాతయ్యా,

నీ లెటర్ ఇక్కడ పోస్టాఫీస్‌లో మాకోసం వెయిట్ చేస్తూ ఉంది. కౌంటర్‌లో ఆయన కవర్ చూసి, "చిన్న పిల్లలు రాశారా?" అని అడిగాడు. మా తాతయ్య అని చెప్పాను. సారీ చెప్పాడు.

మేము బాగా ఉన్నాము. బండికి పేరు పెట్టాము, బామ్మ అని. పొద్దున్నే స్టార్ట్ అవదు, దగ్గుతుంది, తిడుతుంది, తరవాత రోజంతా ఆగదు. రేణు మ్యాప్ చూస్తుంది, నేను డ్రైవ్ చేస్తాను. ఇక్కడ ఎడమ పక్కన పోవాలి. మొదటి రోజు రెండుసార్లు రాంగ్ సైడ్‌కి వెళ్ళాను. అమ్మకి చెప్పకు.

మొన్న సాయంత్రం రోడ్డుకి అడ్డంగా పెద్ద పది వచ్చింది. నల్లగా ఉంది. బ్రేక్ వేశాను. రేణు అరిచింది. పది మాత్రం భయపడలేదు. మమ్మల్ని బాగా చూసి, నెమ్మదిగా పొదల్లోకి పోయింది. తరవాత చాలా కగారూలు చూశాము.

నీళ్ళసంచి కట్టాము. ఇక్కడ కూడా ముసలివాళ్ళ బళ్ళకి అదే ఉంది! నీకు ఎలా తెలుసు?

ఒక మాట. నేను సరుకుని కాదు తాతయ్యా.

నెక్స్ట్ లెటర్ పెర్త్‌కి రాయి.

నీ నళిని

*

షామ్‌బర్గ్,
మార్చి 27.

అమ్మడూ,

పది అడ్డం వచ్చిందేంటే? పది ఏం? పది మందా, పది గొర్రెలా? నేనూ మీ నాన్నా భోజనాల దగ్గర కూచుని గంటసేపు ఆలోచించాం. "పది అంటే పదో నంబరు రోడ్డేమో మామయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. ఇంజనీరు కదా. చివరికి మీ అమ్మ పడీపడీ నవ్వి, "అది పంది నాన్నా, సున్న మింగేసింది" అంది.

చిన్నప్పుడూ ఇంతే నువ్వు. నేను వత్తులు మింగేవాణ్ణి, నువ్వు సున్నలు మింగేదానివి. కగారూ అట, కగారూ! ఎర్ర పెన్సిలు కొన్నాను. నీ ఉత్తరంలో సున్న లేనిచోటల్లా పెట్టాను. అప్పుడు గానీ కళ్ళకి హాయిగా లేదు.

నీళ్ళసంచి నాకెలా తెలుసునా? దాహం అన్ని దేశాల్లోనూ ఒకటే.

ఇక్కడ మంచు కరిగింది. రోజూ నడుస్తున్నాను. తొంభయ్యో నంబరు హైవే మీద వంతెన ఉందిగా, అక్కడిదాకా పోయి నిలబడి కింద పోయే ట్రక్కులు చూస్తాను. పద్దెనిమిది చక్రాలవి. చప్పుడు వింటే ఏ బండి లోడుతో ఉందో, ఏది ఖాళీగా పోతోందో తెలుస్తుంది. చెప్పడానికి పక్కన ఎవడూ ఉండడు. కాళ్ళు ఊరుకోవు. పద్నాలుగేళ్ళయింది ఈ ఊరొచ్చి, ఇంటి ముందు రెండు కార్లున్నాయి, ఒకదాని తాళం కూడా నా చేతికివ్వరు. అడిగినప్పుడల్లా "ఎక్కడికెళ్ళాలి నాన్నా, నేను తీసుకెళ్తాను" అంటుంది మీ అమ్మ. ఎక్కడికో తెలిస్తే నడిచే పోతాను కదా.

సరుకుని కాదన్నావు. కోపమా? సరుకు అంటే తక్కువ మాట కాదే. మా రోజుల్లో మేం పస్తున్నా సరుకు తడవనిచ్చేవాళ్ళం కాదు.

తాత

*

పెర్త్,
ఏప్రిల్ 21.

తాతయ్యా,

పంది. పంది. పంది. పంది. చాలా? ప్రామిస్, ఇకనుంచి ప్రతి లెటర్ రాశాక మళ్ళీ చదివి సున్నలు చెక్ చేస్తాను. కంగారూ కూడా.

పెద్ద ఎడారి దాటాను. చెట్టు లేదు. తొంభై మైళ్ళు రోడ్డు ఒక్క వంపు కూడా లేకుండా ఉంది. స్టీరింగ్ పట్టుకోవడం మర్చిపోతాము. అక్కడ ట్రక్‌లని రోడ్ ట్రైన్ అంటారు. ఒక ఇంజను వెనక మూడు లారీలు కట్టి లాగుతారు! ఎదురుగా వస్తే బామ్మ వణికిపోతుంది. కానీ ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతాడు. అంతే, ఒక వేలు. నేను కూడా ఎత్తుతాను. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు, కానీ నలభై ఒక్క వేళ్ళు లెక్కపెట్టాను.

మధ్యలో ఫ్యాన్ బెల్ట్ తెగింది. నువ్వు చెప్పినట్టు ముందు రాళ్ళు పెట్టాను. ఒక ముసలి డ్రైవర్ ఆగి, "ఈ రాళ్ళు ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు. చెప్పాను. ఆయన హ్యాట్ తీశాడు.

పొద్దున లేస్తే ఎక్కడికో పోవాలి, సాయంత్రానికి చేరుకుంటాను. ఇంతే ఉంది రోజు. తాతయ్యా, నువ్వు లారీ తోలేటప్పుడు కూడా ఇలాగే ఉండేదా? ఆగితే భయం వేసేదా?

నీ లెటర్ మూల మీద నల్ల వేలిముద్ర ఉంది. గ్రీజు లాగా ఉంది. ఏమిటది? నెక్స్ట్ లెటర్ బ్రూమ్‌కి రాయి.

నళిని

*

షామ్‌బర్గ్,
మే 3.

నళినీ,

గ్రీజు కాదు, ఆవకాయ నూనె.

ఇప్పుడు నా ప్రశ్న. అడిలైడ్ నుంచి రాసిన ఉత్తరమంతా "మేము" అని ఉంది. మేము చూశాము, మేము కట్టాము. పెర్త్ ఉత్తరంలో "నేను" అని ఉంది. నేను దాటాను, నేను రాళ్ళు పెట్టాను. ఎవరితోనూ మాట్లాడలేదని కూడా రాశావు. పక్కన మనిషుంటే రోజంతా మాట్లాడకుండా ఉంటావా నువ్వు? రేణు ఏది?

చదువు రానివాడు అక్షరానికి అక్షరం కూడబలుక్కుని చదువుతాడే. అందుకే అన్నీ కనిపిస్తాయి. మీ అమ్మ గబగబా చదివి "బాగానే ఉంది" అని పక్కన పెట్టింది. నేను చెప్పలేదు. నిజం రాయి.

ఆగితే భయం వేసేదా అని అడిగావు. వేసేది. ఇంట్లో రెండో రోజుకే మీ అమ్మమ్మ "ఏంటయ్యా, ముళ్ళ మీద కూచున్నట్టు కూచున్నావు, పో, బండెక్కు" అనేది. మూడో రోజు పొద్దున్నే పోయేవాణ్ణి. మీ అమ్మ ఎన్నో క్లాసో కూడా నాకు సరిగ్గా తెలిసేది కాదు. ప్యాసయిందా లేదా అని మాత్రం అడిగేవాణ్ణి.

ఆగస్టు పదిహేడు. గుర్తుందా?

తాత

*

బ్రూమ్,
మే 24.

తాతయ్యా,

రేణు అడిలైడ్ నుంచే ఇంటికి వెళ్ళిపోయింది. జాబ్ వచ్చింది. అమ్మ భయపడుతుందని చెప్పలేదు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ రోడ్డు పక్కన లారీలవాళ్ళు ఆగే హోటల్‌లో పొద్దున పూట వంట చేస్తున్నాను. వాళ్ళకి పప్పు పెట్టాను. "ఈ పసుపు సూప్ బాగుంది" అన్నారు.

ఇంకో సంగతి. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నేను బడి మానేస్తున్నాను. చాలా రోజుల నుంచి ఆలోచించాను. ఇంక నా వల్ల కాదు. నువ్వు కూడా ఒకప్పుడు మానేసినవాడివే, నీకు అర్థమవుతుందని ముందు నీకే చెబుతున్నాను. అమ్మకి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ఆగస్టు గురించి నువ్వే నెమ్మదిగా చెప్పు.

కోపం వద్దు.

నీ నళిని

*

షామ్‌బర్గ్,
జూన్ 5.

నా బంగారు తల్లీ,

కోపమెందుకే! నీ ఉత్తరం చదివి హాల్లో మూడుసార్లు తిరిగాను. మళ్ళీ సున్న మింగావు. ప్రామిస్ అన్నావు, చెక్ చేస్తానన్నావు, అసలైన చోట మింగావు! ఎర్ర పెన్సిలు తీసి పెద్ద సున్న పెట్టాను. బండి మానేస్తున్నాను. ఇప్పుడు చూడు, ఎంత అందంగా ఉందో.

నాకు అర్థమవదా? నేనూ బండి మానేసినవాణ్ణే. యాభై ఏడో ఏట తాళాలు ఓనరు బల్ల మీద పెట్టి వచ్చిన రోజు నాలుగు మెతుకులు దిగలేదు. నీకూ అలాగే ఉంటుంది. ఒంటరిగా అన్ని వేల మైళ్ళు తోలావు, ఒళ్ళు హూనమై ఉంటుంది. సిగ్గుపడకు. చుట్టు సగంలో ఆపితే ఓడిపోయినట్టు కాదు. రోడ్డు ఎక్కడికీ పోదు.

మీ అమ్మకి ఆ కాగితమే ఇచ్చాను. "చూడు, అది బండి మానేసి వచ్చేస్తోంది. ఆగస్టు కాదు, జూలైలోనే వస్తుంది. నేనేం చెప్పాను?" అన్నాను. మీ అమ్మ కాగితం చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. మర్నాడు తెల్లకోటు కొనుక్కొచ్చి నీ గదిలో తగిలించింది. జూలై ఆఖరి ఆదివారం భోజనాలట, జగదీష్ అంకుల్ వాళ్ళూ, రాధారాణి ఆంటీ వాళ్ళూ, మొత్తం పన్నెండు ఇళ్ళకి ఫోన్లు చేసింది. నేను గడ్డం గీయించుకుని కూచున్నాను. అందరూ ఫోన్లో నాతోనే మాట్లాడుతున్నారు. "మీ మాటే నిలబడింది బాబాయిగారూ" అంటున్నారు. నిలబడదా మరి!

బామ్మని రోడ్డు పక్కన వదిలేసి రాకు. చప్పుడు వినే మనిషిని చూసి ఇవ్వు.

మీ తాత గంగయ్య

*

బ్రూమ్,
జూన్ 17.

తాతయ్యా,

నేను సున్న మర్చిపోలేదు.

బడి అనే రాశాను. ఆ లెటర్ నాలుగుసార్లు చెక్ చేశాను, నీకోసం. డాక్టర్ల బడి మానేస్తున్నాను అని రాశాను. నా చిన్నప్పటి నుంచి ఇంటికి ఎవరు వచ్చినా నువ్వు చెప్పే మాట, బడి మాని బండెక్కాను అని, ఎంత గర్వంగా చెప్పేవాడివి! అందుకే ఆ మాట వాడాను. నువ్వు మాత్రం వెంటనే కనిపెడతావనుకున్నాను. మేము అని రాస్తే, నేను అని రాస్తే పట్టుకున్నావు కదా.

నిన్న అమ్మకి ఫోన్ చేద్దామని వెళ్ళాను. కాయిన్‌లు చేతిలో పట్టుకుని బూత్‌లో నిలబడ్డాను. తెల్లకోటు గుర్తొచ్చింది. బయటికి వచ్చేశాను. వెనక క్యూలో ఉన్నాయన, "ఎవరూ ఎత్తలేదా?" అన్నాడు. అవునన్నాను.

ఎనిమిదేళ్ళప్పటి నుంచి అందరూ నన్ను డాక్టరమ్మా అని పిలిచారు. నేను అనలేదు ఎప్పుడూ. ఏం చేస్తావు మరి అని అడగకు, నాకు తెలియదు. ఇది వద్దని మాత్రం తెలుసు. అలా అనుకుంటాను, మళ్ళీ అర్ధగంటకి అది కూడా తెలియదు. డ్రైవ్ చేస్తుంటే బాగానే ఉంటుంది. ఆపగానే మళ్ళీ మొదలు.

వచ్చే వారం డార్విన్‌కి బయలుదేరుతున్నాను.

నళిని

*

షామ్‌బర్గ్,
జూన్ 28.

నళినికి,

ఉత్తరం అందింది.

నీ బడి కోసం కాదు గానీ, మీ అమ్మ బడి కోసం నేను బండి తోలాను. నెల్లూరు దగ్గర ఒకసారి జ్వరంతో తోలాను. బడి మానడం గొప్పని నేను ఎన్నడూ అనలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి లారీ ఎక్కించాడు, క్లీనరుగా. నేను మానలేదు, మాన్పించారు. మాన్పించారని చెప్పుకుంటే జాలిపడతారని మానేశానని చెప్పుకున్నాను. అరవై ఏళ్ళు అలాగే చెప్పాను. నువ్వు దాన్ని పట్టుకున్నావు.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. పన్నెండు ఇళ్ళవాళ్ళూ వస్తున్నారు.

ఇంతకంటే రాయలేను.

గంగయ్య

*

డార్విన్,
జూలై 6.

తాతయ్యా,

కింద పేరు గంగయ్య అని సంతకం చేశావు. తాత అని లేదు. కూడబలుక్కుని చదవడం నీ దగ్గరే నేర్చుకున్నాను.

నువ్వు చెప్పలేకపోతే వద్దు. శనివారం నేనే ఫోన్ చేస్తాను. కాయిన్‌లు సంచినిండా తెచ్చుకున్నాను. రాళ్ళు పెట్టకుండా బండి వదలకూడదు అన్నావు. నేను వదిలేసి పారిపోయాను, రాళ్ళు నిన్ను పెట్టమన్నాను. తప్పే.

బామ్మ బాగానే ఉంది. నేను కూడా, కొంచెం.

నళిని

*

షామ్‌బర్గ్,
జూలై 14.

అమ్మడూ,

శనివారం నువ్వు ఫోన్ చేసేసరికి మీ అమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు, గమనించావా? ఎందుకో చెబుతాను.

నీ డార్విన్ ఉత్తరం ఇంకా రాలేదు అప్పటికి. శుక్రవారం సాయంత్రం మీ అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి భోజనాలకి సరుకుల చీటీ రాస్తోంది. నాకిక కూచోబుద్ధి కాలేదు. నీ బ్రూమ్ కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"మీనాక్షీ, ఈ సున్న నాది" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "తెలుసు నాన్నా" అంది.

"ఏం తెలుసు? అది రాసింది బడి. బండి కాదు. నేను పెట్టాను సున్న."

"ఎర్రగా ఉంది కదా నాన్నా. దాని పెన్ను నీలం. ఇచ్చిన రోజే చూశాను."

"చూసి మరి కోటెందుకు కొన్నావే?"

"నువ్వు పెట్టిన సున్న నాకు నచ్చింది" అంది. అని, అప్పుడు ఏడ్చింది. అల్లుడుగారు టీవీ కట్టేసి, ఏం చేయాలో తెలియక కాఫీ పెట్టారు. ఉప్పు వేశారు. ముగ్గురం కప్పులు ఖాళీ చేశాం.

అరవై ఏళ్ళలో తప్పు నాదని నేనన్న మాట అదొక్కటే. ఒళ్ళు తేలికైంది. ఆ ఊపులో ఇంకోటి కూడా చెప్పేశాను. వంతెన అవతల పోలండ్ ముసలాడి ట్రక్కుల షెడ్డుంది. మార్చి నుంచి రోజూ అక్కడికే పోతున్నాను. వాడికి ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు అదీ లేదు. ఇంజను మీద చెవి పెట్టి వేలు చూపిస్తాను, వాడు అక్కడ విప్పుతాడు. అది గ్రీజే. ఆవకాయ కాదు. "వాకింగ్ నుంచి వచ్చి అంతసేపు చేతులు కడుగుతుంటే అనుకున్నాలే" అంది మీ అమ్మ. ఈ ఇంట్లో ఆవిడకి తెలియనిదంటూ ఏదీ లేదు.

మర్నాడు నీ ఫోనయ్యాక మీ అమ్మ ఆ సరుకుల చీటీ చింపేసింది. తరవాత వచ్చి, "మాటిచ్చింది నువ్వు. ఆగస్టు పదిహేడన్నావు. నువ్వే వెళ్ళి తీసుకురా నాన్నా" అంది. కోపంగానే అంది. నాన్నా అని మాత్రం అంది.

భోజనాలు రద్దు. వీసా పని అల్లుడుగారు చూస్తున్నారు. ఇరవై ఎనిమిదిన డార్విన్‌లో దిగుతాను. మెడలో చీటీ కట్టి పంపిస్తారట, విమానం మారే చోట తప్పిపోకుండా. ఇప్పుడు నేనే సరుకుని. నవ్వుకో.

తెల్లకోటు నా పెట్టెలో పెట్టబోయింది. వద్దన్నాను. కాసేపు వాదించుకున్నాం. గదిలోనే ఉంది.

మీ అమ్మకి నిన్ను తీసుకొస్తానని చెప్పాను. నీకు వేరే సంగతి చెబుతున్నాను. డార్విన్ నుంచి సిడ్నీకి సముద్రం పక్క దారి రెండున్నర వేల మైళ్ళకి పైనేనని మ్యాప్ మీద దారం పెట్టి కొలిచారు మీ నాన్న. చుట్టు సగంలో ఆపితే ఓడిపోయినట్టు కాదని రాశానుగా, అది అబద్ధం. పూర్తిచేద్దాం. స్టీరింగు ముట్టను, ఒట్టు. నాకు లైసెన్సు లేదు, ఉన్నా నీ బండి నీదే. క్లీనరు సీట్లో కూచుంటాను. నీళ్ళు పోస్తాను, అద్దం తుడుస్తాను, రాళ్ళు పెడతాను. ఎదురొచ్చే వాళ్ళకి ఇద్దరం చెరో వేలు ఎత్తుదాం. ఎడమ పక్కన పోయే రోడ్డు చూసి పద్నాలుగేళ్ళయింది.

దారి పొడుగునా చదువు మాటెత్తను. సిడ్నీలో బండి ఆపాక ఒక్కసారి అడుగుతాను. ఒక కాగితం మీద ఆ మాట రాసి ఇవ్వు, బడో బండో, ఏదైనా సరే. అదే తీసుకెళ్ళి మీ అమ్మ చేతికిస్తాను.

ఎర్ర పెన్సిలు ఇంట్లోనే వదిలేసి వస్తున్నాను.

తాత